'ముల్కీ'కి అర్థం ఎలా రాయాలి?

ప్రశ్న: విక్షనరీలో (అందరూ కలిసి రాసే ఆన్‌లైన్ నిఘంటువు) 'ముల్కీ'కి ఒకరు 'తెలంగాణవాడు' అని రాస్తే, ఇంకొకరు చెరిపేసి 'ప్రాంతీయ వివక్ష నిబంధన' అంటున్నారు. ఏది ఉంచాలండీ?

జవాబు: రెండూ వద్దండి. మొదటిది ఇరుకు, రెండోది తీర్పు. ముల్కీ అంటే మనిషి. 'ముల్కీ నిబంధనలు' (సర్కారు కొలువులు స్థానికులకే అన్న నియమాలు) వేరే పదబంధం, దానికి వేరే పేజీ పెట్టండి. సగం గొడవ అక్కడే తీరుతుంది. పైగా హైదరాబాద్ రాజ్యంలో మరాఠీ, కన్నడ జిల్లాలూ ఉండేవి. ఔరంగాబాదువాడూ ముల్కీయే. నా ముసాయిదా:

1. (ఉర్దూ 'ముల్క్', దేశం) స్వదేశీయుడు, స్థానికుడు.
2. (చరిత్ర) హైదరాబాద్ రాజ్యంలో సర్కారు కొలువుకు స్థానికుడిగా గుర్తింపు ఉన్న వ్యక్తి.

జవాబు: రెండో అర్థంలో 15 ఏళ్ల స్థిరనివాసం మాట చేర్చండి. లేకపోతే పుట్టుకతో మాత్రమే ముల్కీ అవుతారని చదివేవాళ్లు అనుకుంటారు. 1919 నిబంధనలు, 1973లో పార్లమెంటు చేసిన రద్దు చట్టం వేరే పేజీకి వెళ్లాలి.

జవాబు: 'నాన్ ముల్కీ'కి (స్థానికుడు కానివాడు) 'నిందార్థం' అన్న గుర్తు మాత్రం పెట్టకండి. దరఖాస్తులో అది హోదా. 1952లో వీధుల్లో 'నాన్ ముల్కీ గో బ్యాక్' అన్నప్పుడు అదే మాట నిరసన. వాడుక గమనికలో రెండూ రాసి, ముల్కీ నిబంధనలను సమర్థించినవాళ్ల పత్రిక నుంచి ఒకటి, వ్యతిరేకించినవాళ్ల పత్రిక నుంచి ఒకటి, తేదీతో సహా వాక్యాలు ఎత్తి రాయండి. ఉదాహరణ వాక్యాన్ని సొంతంగా అల్లొద్దు. రాసినవాళ్ల పక్షం అందులోనే బయటపడి, పేజీ మళ్లీ మొదటికొస్తుంది.