అప్‌డేట్: సన్ అల్ట్రా 5 (సొలారిస్ 8) కన్సోల్‌లో రూట్ లాగిన్ సమస్య తీరింది

సొలారిస్ అనే యూనిక్స్ నడిచే ఈ పాత సన్ కంప్యూటర్ కన్సోల్‌లో (దాని సొంత స్క్రీన్, కీబోర్డు మీద) రూట్ (అడ్మిన్ ఖాతా) పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్ళీ లాగిన్ ప్రాంప్ట్‌కే వచ్చేస్తోందని అడిగాను కదా, నిన్న రాత్రి దొరికింది అండి. స్క్రీన్‌ని ఫోన్‌తో వీడియో తీసి చూడమన్న వాళ్ళకి చాలా థ్యాంక్స్, అదే పట్టించింది, ఆపి ఆపి చూస్తే ఒక్క క్షణం "నో షెల్" అని కనపడింది!

రూట్ షెల్‌ని (లాగిన్ అయ్యాక కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) ఎప్పుడో నేనే యూజర్ లోకల్ (/usr/local) ఫోల్డర్‌లో ఉన్న బాష్ అనే షెల్‌కి మార్చాను, ఆ ఫోల్డర్ ఉన్నది రెండో డిస్క్ మీద, ఆ డిస్క్ పోయింది, ఇక మౌంట్ అవ్వట్లేదు (సిస్టమ్‌కి జతపడట్లేదు), షెల్ లేదు కాబట్టి లోపలికి రానివ్వట్లేదు.

సన్ కీబోర్డులో స్టాప్-ఏ నొక్కి, వచ్చే ఓకే ప్రాంప్ట్‌లో సొలారిస్ సీడీ నుంచి సింగిల్ యూజర్‌లో (రిపేర్ మోడ్) బూట్ చేసి, రూట్ స్లైస్‌కి (సిస్టమ్ ఉన్న డిస్క్ భాగం) ఎఫ్ఎస్‌సీకే (డిస్క్ తనిఖీ కమాండ్, fsck) కొట్టి, దాన్ని స్లాష్ ఏ (/a) మీద మౌంట్ చేసి, అందులో ఈటీసీలో ఉన్న పాస్‌వర్డ్ ఫైల్ (etc/passwd) మొదటి లైన్‌లో, అంటే రూట్ లైన్‌లో, షెల్‌ని ఎస్‌బిన్‌లోని ఎస్‌హెచ్‌గా (/sbin/sh) మార్చాను. ఫైల్ ఎడిట్ చేసే వీఐ స్క్రీన్ మీద సరిగ్గా రాకపోతే ముందు టర్మ్‌ని (TERM, టెర్మినల్ రకం సెట్టింగ్) సన్ అని పెట్టుకోండి.

కీబోర్డు, ఎన్‌వీర్యామ్ (మెషిన్ సెట్టింగ్స్ దాచే చిప్) బ్యాటరీ రెండిటికీ ఈ సమస్యతో సంబంధం లేదు. డిఫాల్ట్ లాగిన్ ఫైల్‌లోని కన్సోల్ లైన్ కూడా కాదు, అది రూట్‌ని నెట్‌వర్క్ నుంచి లాగిన్ అవ్వకుండా ఆపుతుంది అంతే. రూట్ షెల్ మాత్రం దయచేసి మార్చకండి.