క్లచ్ పెడల్ పూర్తిగా పైకొచ్చాకే కారు కదులుతోంది

నాది కేబుల్ క్లచ్ ఉన్న పాత పెట్రోల్ కారు, 78 వేల కిలోమీటర్లు తిరిగింది. పెడల్ దాదాపు పూర్తిగా వదిలేస్తేగానీ బండి కదలట్లేదు. మొన్న శ్రీశైలం ఘాట్‌లో ఇంజన్ అరుస్తోంది కానీ వేగం పెరగలేదు. మెకానిక్ ఏకంగా క్లచ్ సెట్ మార్చాలంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. ముందు కేబుల్ సర్దితే సరిపోతుందా?

— ఆగండి, ముందు వేలితో పెడల్‌ను మెల్లగా నొక్కి చూడండి. బరువు తగిలేలోపు ఓ అంగుళం దాకా వదులుగా కదలాలి. నా బండికీ ఇదే సమస్య వచ్చినప్పుడు పెడల్ అలా అస్సలు కదల్లేదు. క్లచ్ లోపలి ప్లేటు అరిగేకొద్దీ ఆ వదులు తగ్గిపోతుంది. గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ చివర ఉండే నట్టును కొద్దిగా వదులు చేశాను, పది నిమిషాల పని. తుప్పు వదిలించడానికే అరగంట పట్టిందనుకోండి! మీ బండి మాన్యువల్‌లో కొలత ఉంటుంది, అదే పాటించండి.

— మరీ వదులు చేస్తే రివర్స్ గేర్ గరగరమంటుంది, జాగ్రత్త అన్నా.

— సర్దాక కూడా ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారితే, అంటే ఇంజన్ అరిచినా వేగం పెరగకపోతే, మెకానిక్ మాటే నిజం, ప్లేటు అయిపోయినట్టే.

— థాంక్స్ అన్నా. వేలు పెట్టి చూశా, వదులే లేదు. ఆదివారం నట్టు పని పడతా.