శక తేదీ ఒక్కదాని కోసం కన్వర్ట్‌డేట్ వేసుకోవాలా, సొంతంగా రాసుకోవాలా?

గోదారి కోడర్:
నమస్కారం అందరికీ. మా ఊళ్లో ఒక ప్రింటింగ్ ప్రెస్ వాళ్లకి చిన్న ప్రోగ్రామ్ రాసిస్తున్నాను. భారత గెజిట్‌లో ఉన్నట్టు ఇంగ్లిష్ తేదీతో పాటు శక తేదీ, అంటే ప్రభుత్వ జాతీయ క్యాలెండర్ తేదీ, కూడా పడాలని వాళ్ల కోరిక. పైథాన్‌లో తేదీల్ని ఒక క్యాలెండర్ నుంచి ఇంకోదానికి మార్చే కన్వర్ట్‌డేట్ అని లైబ్రరీ (రెడీమేడ్ కోడ్ ప్యాకేజీ) ఉంది కదా అని టెర్మినల్‌లో ‘పిప్ ఇన్‌స్టాల్ కన్వర్ట్‌డేట్’ కొట్టాను. పిప్ అంటే పైథాన్ ప్యాకేజీలు వేసే, తీసే టూల్. దానితో పాటు పైమీయస్ అని ఇంకొకటి దిగింది. చూస్తే అది ఖగోళ లెక్కల లైబ్రరీ. నాకు కావాల్సింది ఒక్క తేదీ, గ్రహాల లెక్కలతో పనేంటి అనిపించి ‘పిప్ అన్‌ఇన్‌స్టాల్ కన్వర్ట్‌డేట్’ కొట్టాను. తీసేయబోయే ఫైళ్లు చూపించి, కానివ్వనా అని అడిగింది. వై నొక్కాను, పోయింది. తర్వాత ‘పిప్ లిస్ట్’ చూస్తే పైమీయస్ మాత్రం అలాగే ఉంది!

నా మాట ఒక్కటే. ఇంత చిన్న పనికి లైబ్రరీ వద్దు. చైత్రానికి 30 రోజులు, లీపు సంవత్సరమైతే 31. తర్వాత ఐదు నెలలకు 31, మిగతా ఆరింటికి 30. ఇరవై లైన్లలో అయిపోతుంది. మీరేమంటారు?

విశాఖ అడ్మిన్:
నేను ఒప్పుకోనండీ. ఆ ఇరవై లైన్లు ఈరోజు మీకు తెలుసు. రెండేళ్ల తర్వాత మీ తర్వాత వచ్చినవాళ్లకి ఎవరు చెబుతారు? లైబ్రరీ అయితే పది మంది చూసి ఉంటారు, తప్పులు దిద్ది ఉంటారు.

ఇక పైమీయస్ మిగిలిపోవడం పిప్ తప్పు కాదు, దాని పద్ధతే అంత. పేరు చెప్పిన ప్యాకేజీనే తీస్తుంది, దాని వెంట వచ్చినవాటిని ముట్టుకోదు. ఉబుంటు లినక్స్‌లో అక్కర్లేనివాటిని తనే ఏరి తీసేసే ‘ఆప్ట్ ఆటోరిమూవ్’ అలవాటైనవాళ్లు ఇక్కడే పొరబడతారు. తీసే ముందు ‘పిప్ షో కన్వర్ట్‌డేట్’ కొడితే అది దేని మీద ఆధారపడిందో, దాని మీద ఇంకేం ఆధారపడ్డాయో రెండూ చూపిస్తుంది. ఆ రెండో వరుస చూడకుండా తీసేయడం ఇంకా ప్రమాదం. వేరే ప్యాకేజీకి అది కావాల్సి ఉన్నా పిప్ హెచ్చరించదు, మాట్లాడకుండా తీసేస్తుంది. తర్వాత, కావాల్సినవన్నీ ఉన్నాయో లేదో చూసే ‘పిప్ చెక్’ కొడితేనే బయటపడుతుంది.

గోదారి కోడర్:
మీరు చెప్పింది నా వాదనకే బలం కదండీ! తీసేయడం ఇంత చిక్కైనప్పుడు అసలు వేసుకోవడం ఎందుకు? 2016లో ఎన్‌పీఎమ్‌లో, అంటే జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే చోట, లెఫ్ట్‌ప్యాడ్ కథ గుర్తుందా? పదకొండు లైన్ల ప్యాకేజీని రాసినాయన తీసేస్తే ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి.

తిథి వారం:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మీ ఇద్దరి వాదన శక తేదీ వరకే పనికొస్తుంది. ప్రెస్ వాళ్లు రేపు అదే ప్రోగ్రామ్‌లో ఉగాది కూడా చూపించమంటారు, అది మాత్రం ఖాయం. నాకు జరిగింది చెబుతాను.

ఒక క్యాలెండర్ పనిలో చైత్రం 1 వస్తే ఉగాది అని రాశాను. 2023తో పరీక్షిస్తే మార్చి 22 వచ్చింది. ఆ ఏడు ఉగాది నిజంగానే మార్చి 22. సంతోషంగా ఇచ్చేశాను. 2024కి అదే కోడ్ మార్చి 21 అంది, పండగేమో ఏప్రిల్ 9న! ప్రభుత్వ శక క్యాలెండర్ సూర్యుడి లెక్క. మేఘనాద్ సాహా అధ్యక్షతన వేసిన కమిటీ సిఫారసుతో 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. మన పంచాంగం చాంద్రమానం. నెలల పేర్లు ఒకటే కావడంతో మోసపోయాను. 2026 ఉగాది మార్చి 19న. ఆ రోజు శక తేదీ అడిగితే ఫాల్గుణం 28 అని వస్తుంది. కన్వర్ట్‌డేట్‌లో ఉన్న భారతీయ విభాగం కూడా ఈ శక క్యాలెండరే, తిథి చెప్పదు. ఏది వేసుకున్నా ముందు ఈ తేడా తెలుసుకోవాలి.

విశాఖ అడ్మిన్:
చాలా మంచి మాట చెప్పారు. గోదారి కోడర్ గారూ, లెఫ్ట్‌ప్యాడ్ భయం ఉంటే వెర్షన్ నంబర్‌తో సహా రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో (ప్రాజెక్టుకి కావాల్సిన ప్యాకేజీల జాబితా) రాసి, ప్యాకేజీ కాపీ మీ దగ్గరే పెట్టుకోండి. తీసేయడం కష్టమన్నారు కదా, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (వెన్వ్), అంటే ఆ ప్రాజెక్టుకే విడిగా పెట్టుకున్న పైథాన్ ఫోల్డర్లో, వేస్తే ఆ గొడవే ఉండదు. ‘పైథాన్ -ఎమ్ వెన్వ్’ అని ఫోల్డర్ పేరు ఇచ్చి, దాన్ని యాక్టివేట్ చేసి, అందులో ఏం వేసుకుంటారో వేసుకోండి. వద్దనుకుంటే ఫోల్డర్ తీసేయండి, పైమీయస్ కూడా దాంతోనే పోతుంది. డెబియన్ లినక్స్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లో నేరుగా పిప్ కొడితే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తోంది కూడా. ఆ ఎర్రర్ దాటడానికి ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ అనే ఆప్షన్ పెట్టమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి పెట్టకండి. సిస్టమ్ టూల్స్ అదే పైథాన్ మీద నడుస్తుంటాయి.

ఇంకొకటి. మీ ఇరవై లైన్లకి పరీక్ష పెట్టారా? జనవరి 26కి మాఘం 6, ఆగస్టు 15కి శ్రావణం 24 రావాలి. 2024 మార్చి 21 కూడా పెట్టి చూడండి.

గోదారి కోడర్:
పెట్టాను. మొదటి రెండూ సరిగ్గా వచ్చాయి. మూడోదానికి నా కోడ్ ‘ఫాల్గుణం 31, 1945’ అంది. అలాంటి రోజే లేదు, చైత్రం 1, 1946 రావాలి. గంటసేపు వెతికితే దొరికింది. లీపు అవునో కాదో శక సంవత్సరాన్నే నాలుగుతో భాగించి చూస్తున్నాను. ముందు 78 కలపాలి. 1946కి 78 కలిపితే 2024, అప్పుడు లీపు. మీరు చెప్పకపోతే ప్రెస్‌కి అలాగే వెళ్లిపోయేది.

అయినా నా అభిప్రాయం మారలేదు. నియమం తెలిసిన లెక్కకి సొంత కోడే మేలు. కానీ దాని ఫలితాన్ని లైబ్రరీతో సరిపోల్చకుండా ఇవ్వకూడదని ఒప్పుకుంటాను. ఇప్పుడు వెన్వ్‌లో కన్వర్ట్‌డేట్ మళ్లీ వేసి, 1957 నుంచి 2050 దాకా రోజురోజూ రెండింటినీ పోల్చే లూప్ నడిపించాను. ఒక్క తేడా రాలేదు. ఫోల్డర్ తీసేశాను.

విశాఖ అడ్మిన్:
ఆ ఫోల్డర్ ఎందుకు తీసేశారండీ? వచ్చే నెల ఎవరో ఆ కోడ్‌లో ఒక లైన్ మారుస్తారు. ఆ పోలిక లూప్‌ని పరీక్షగా ప్రాజెక్టులోనే ఉంచి, కన్వర్ట్‌డేట్‌ని డెవలప్‌మెంట్ రిక్వైర్‌మెంట్స్‌లో, అంటే కోడ్ రాసేవాళ్లకి మాత్రమే కావాల్సినవాటి జాబితాలో, పెట్టండి. ప్రెస్ కంప్యూటర్లో మాత్రం వేయకండి.

గోదారి కోడర్:
అలాగేనండీ, ఈ రాత్రికే పెడతాను.