వానాకాలంలో హైదరాబాద్ నుంచి ఒక్క రోజు కుంటాల ట్రిప్: వెళ్ళడం తప్పా?

ఆదివారం_సెలవు:
నేను మందుల షాపులో పని చేస్తాను. వారానికి సెలవు ఒక్క ఆదివారమే. ఈ వానాకాలంలో ఆదిలాబాద్ జిల్లాలోని కుంటాల జలపాతం చూద్దామని ఎనిమిది మందిమి అనుకున్నాం. కొంపల్లి నుంచి తెల్లవారుజామున 4 గంటలకు బండి తీస్తాం. కామారెడ్డి దాటాక టిఫిన్ చేసి, 9.30 కల్లా నేరేడిగొండ చేరి, అక్కడి నుంచి ఇంకో 12 కిలోమీటర్లు లోపలికి వెళ్ళాలి. మధ్యాహ్నం 2 దాకా కుంటాల, తర్వాత అదే నది మీదున్న పొచ్చెర జలపాతం, రాత్రి 10కి ఇల్లు. ఇదీ నా లెక్క.

మాలో ఇద్దరు మాత్రం వానాకాలంలో ఒక్క రోజులో వెళ్ళి రావడమే తప్పంటున్నారు. నిర్మల్‌లో ఒక రాత్రైనా ఉండాలట, లేదంటే మానేయాలట. ఎండాకాలం వెళ్తే బండలు తప్ప ఏమీ కనపడవు కదా! వెళ్ళొచ్చినవాళ్ళు ఏమంటారో చెప్పండి.

నాలుగు_చక్రాలు:
నిశ్చింతగా వెళ్ళండి. నేను ఆరుసార్లు వెళ్ళాను, ఆరుసార్లూ ఒక్క రోజులోనే వెళ్ళొచ్చాను. 44వ జాతీయ రహదారి మీద ఇబ్బందేమీ ఉండదు. ఆర్మూర్ దాటి సోన్ వంతెన మీద నుంచి నిండు గోదావరిని చూస్తే సగం అలసట అక్కడే పోతుంది. నిర్మల్ దాటాక టేకు అడవి మొదలవుతుంది.

147 అడుగుల మీద నుంచి కడెం నది మెట్టు మెట్టుగా లోయలోకి పడుతుంటే ఆ హోరు మనం కిందికి దిగే మెట్ల మొదట్లోనే వినిపిస్తుంది. సంవత్సరంలో ఆ మూడు నాలుగు నెలలే కుంటాల కుంటాలలా ఉంటుంది. రాత్రి ఉండి తీరాలంటే ఎనిమిది మందికి గదులు, భోజనాలు, పైగా సోమవారం జీతం కోత. అంత పెట్టుకోలేనివాళ్ళు చూడకూడదా?

కడెం_ఒడ్డు:
మాది బోథ్ వైపు. చిన్నప్పటి నుంచి ఆ నది పక్కనే ఉన్నాం కాబట్టి రాస్తున్నాను.

కడెం మా దగ్గర బజార్‌హత్నూర్ వైపు పుట్టి, పొచ్చెర దగ్గర ఒకసారి, కుంటాల దగ్గర ఒకసారి దూకి, కిందికి వెళ్ళి గోదావరిలో కలుస్తుంది. అంటే మీరు కుంటాలలో నిలబడి చూసే నీళ్ళు అక్కడి వాన నీళ్ళు కావు, మా ఊళ్ళ మీద పడ్డవి. మా దగ్గర గంట సేపు కుండపోతగా కురిస్తే, మీ నెత్తిన ఎండ కాస్తుండగానే అక్కడ నీళ్ళు లేస్తాయి. ఇది చెప్తే పట్నం నుంచి వచ్చినవాళ్ళు నమ్మరు. ఆకాశం బాగానే ఉంది కదా అన్నా అంటారు.

నీళ్ళు లేచే ముందు గుర్తులుంటాయి. తేటగా ఉన్న నీళ్ళు ఎర్రబడతాయి. ఎండుటాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకొస్తాయి. హోరు బరువెక్కుతుంది. ఆ మూడింట్లో ఏది కనిపించినా చెప్పులు, ఫోన్లు చూసుకోకుండా ఒడ్డెక్కాలి.

నేను వద్దంటున్నది జలపాతాన్ని కాదు. మీరు వేసుకున్న టైముల లెక్కను. ఐదున్నర గంటలు బండి నడుపుకొని వచ్చాక, "ఇయ్యాల కిందికి దిగొద్దు, తిరిగి పొండి" అంటే ఎవరు పోతారు? మళ్ళీ ఎప్పుడొస్తామో అని దిగుతారు. అదే నిర్మల్‌లో పండుకున్నవాళ్ళయితే, పొద్దున వానుంటే ఇంకో గంట గదిలో చాయ్ తాగుతూ ఆగుతారు. ఆగే వెసులుబాటు లేని రోజున ఆ లోయలోకి దిగొద్దు.

హాస్టల్_రోజులు:
అన్నా, మీరు చెప్పినదాంట్లో న్యాయముంది కానీ ఒక మాట. మేం ఐదుగురం అమ్మాయిలం అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునేవాళ్ళం. "పొద్దున పోయి రాత్రికి వస్తాం" అంటే ఇంట్లో సరే అన్నారు. రాత్రి బయట ఉంటామంటే మా నాన్న ఫోన్ పెట్టేసేవారు. మా జీవితంలో మేమంతా కలిసి చూసిన ఒకే ఒక్క జలపాతం అది. ఒక్క రోజు ట్రిప్ తప్పంటే, మాలాంటివాళ్ళకు ఆ ఒక్కటీ ఉండేది కాదు.

మేం సగం మెట్ల దగ్గరే ఆగిపోయాం. 400 పైచిలుకు మెట్లు, తిరిగి ఎక్కలేమని ఒకమ్మాయి భయపడింది. అక్కడి నుంచే జలపాతం నిండుగా కనిపించింది. తుంపర కూడా మొహానికి తగిలింది. కిందికి దిగలేదన్న వెలితి మాకెవరికీ లేదు.

పాకురు_రాయి:
మా సంగతి రాస్తాను. సెప్టెంబరు ఆదివారం, ఏడుగురం. మాదీ ఇదే లెక్క, 4కి బయలుదేరడం, 10కి ఇల్లు. దారిలో టైరు పంక్చరై రెండు గంటలు పోయింది. కుంటాల చేరేసరికి పన్నెండు దాటింది. అక్కడి నుంచి మొదలైంది తొందర. "గంటలో ముగించేద్దాం" అంటూ మెట్లు పరుగెత్తుకుంటూ దిగాం.

కింద బండలు పైకి ఎండినట్టే ఉంటాయి. మా తమ్ముడు అలాంటి ఒక నల్ల బండ మీద కాలు పెట్టాడు. పాకురు. సబ్బు మీద కాలేసినట్టు జారి, రెండు రాళ్ళ సందులో పాదం ఇరుక్కుంది. కేక కూడా వినపడలేదు, నీళ్ళ హోరు అంత ఉంది. నోరు తెరిచి ఉండటం మాత్రం కనిపించింది. పాదం బయటికి తీసేసరికి చీలమండ గుమ్మడిపిందెలా వాచిపోయింది.

లోయలో మా ఎవరి ఫోన్‌కూ సిగ్నల్ లేదు. ఇద్దరం భుజాలిస్తే ఒంటికాలి మీద పదేసి మెట్లు ఎక్కుతూ, కూర్చుంటూ పైకొచ్చాడు. చివరి వంద మెట్లు, పైన కంకులు కాల్చి అమ్ముకునే పెద్దమనిషి తన మంట వదిలేసి వచ్చి వీపున మోశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. పైకి రావడానికి గంటన్నర పట్టింది. నిర్మల్‌లో కట్టు కట్టించుకొని ఇల్లు చేరేసరికి రాత్రి ఒకటిన్నర.

నీళ్ళలో పడి ఉంటే అని ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. తప్పు బండది కాదు. పన్నెండుకు చేరిన రోజు కిందికి దిగకూడదు. మేం దిగాం.

నాలుగు_చక్రాలు:
తమ్ముడి సంగతి చదివి బాధనిపించింది. అయినా నా మాట మార్చుకోను. పాకురు మీద కాలేస్తే నిర్మల్‌లో రాత్రి పడుకున్నవాడూ జారుతాడు. అక్కడ ఇన్నేళ్ళలో మునిగిపోయినవాళ్ళలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఐదు గంటలు ప్రయాణం చేసి రాలేదు కదా. కావలసింది కంచె, కాపలా, నీళ్ళు పెరిగితే గేటు మూసేయడం. అవి గట్టిగా అడగాలి గానీ, సెలవు లేనివాళ్ళను రావద్దనడం ఏం న్యాయం?

కడెం_ఒడ్డు:
కంచె, కాపలా కావాలి, నేనూ అడుగుతాను. కానీ కంచె దగ్గర మనిషి "ఆగండి" అన్నప్పుడు వాదించేది ఎవరో మేం ప్రతి ఆదివారం చూస్తాం. "ఇంత దూరం నుంచి వచ్చాం, ఐదు నిమిషాలే" అంటారు.

ములుగు జిల్లాలో ముత్యంధార గుర్తుందా? 2023 జులై చివర్లో ఆ జలపాతం చూడటానికి వెళ్ళిన 80 మంది దాకా జనం తిరుగు దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు దళం రాత్రికి రాత్రి అడవిలోకి వెళ్ళి వాళ్ళను బయటికి తెచ్చింది. పొద్దున వాళ్ళు వెళ్ళేటప్పుడు అదే వాగు దాటే వెళ్ళారు. మన కడెం సంగతికొస్తే, 2022 జులైలో కింద కడెం ప్రాజెక్టుకు, గేట్లెత్తి వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చిపడింది. ప్రాజెక్టే తట్టుకోలేని నది అది. దాని గుండంలో ఈత కొడదామని వస్తారు.

పొచ్చెర గురించి కూడా చెప్పాలి. ఎత్తు తక్కువ, మెట్లు తక్కువ కాబట్టి పిల్లలకు బాగుంటుందని దించుతారు. అక్కడ నీళ్ళు లోతు, లాగుడు ఎక్కువ. చూడటానికి నెమ్మదిగా కనిపిస్తుంది, అదే మోసం.

హాస్టల్ చెల్లి చేసినట్టు సగం మెట్ల దగ్గర ఆగేవాళ్ళయితే, ఒక్క రోజులో రండి. నాకు ఏ అభ్యంతరమూ లేదు. మీరొస్తేనే మా ఊళ్ళో మక్క కంకులు, సీతాఫలాలు అమ్ముడుపోతాయి.

స్టీరింగ్:
నేను టెంపో ట్రావెలర్ నడుపుతాను. ఇంతసేపు ఎవరూ డ్రైవర్ మాటే ఎత్తలేదు, అందుకే రాస్తున్నా. 4కి బయలుదేరాలంటే నేను 2కే లేవాలి. మీరు తడిసి, తిని, తిరుగు ప్రయాణంలో కామారెడ్డి రాకముందే నిద్రపోతారు. ముందు సీట్లో మాట్లాడే మనిషి కూడా ఉండడు. వాన, ఎదురు లైట్లు, పద్దెనిమిది గంటల నుంచి మూయని కళ్ళు. తూప్రాన్ దగ్గర ఒకసారి నాకు రెప్ప పడింది. రోడ్డు పక్క గరగర శబ్దానికి ఉలిక్కిపడి లేచాను. వెనక పన్నెండు మంది ఉన్నారు. ఆ రాత్రి తర్వాత ఒక్క రోజు కుంటాలకు ఇద్దరు డ్రైవర్లు లేకుండా ఒప్పుకోవడం మానేశాను. బేరం పోయినా సరే.

ఆదివారం_సెలవు:
అందరి మాటా చదివాను, మాలో వద్దన్న ఆ ఇద్దరికీ చదివి వినిపించాను కూడా.

మేం వెళ్తాం. ఆగస్టులో కాదు, అక్టోబరు మొదట్లో. పొచ్చెర తీసేశాం, దాంతో రెండు గంటలు మిగిలాయి. స్టీరింగ్ అన్నా, మాలో డ్రైవింగ్ వచ్చినవాళ్ళు ముగ్గురున్నారు, కామారెడ్డిలో, నిర్మల్‌లో మారతాం. 11 దాటి చేరితే కిందికి దిగేది లేదని ముందే ఒట్టు పెట్టుకున్నాం. రాత్రి ఉండటం మాత్రం మావల్ల కాదు. అక్కడ నేను నాలుగు చక్రాల అన్న వైపే.

కడెం ఒడ్డు అన్నా, ఒక్క సాయం అడుగుతాను. మేం బయలుదేరే ముందు రాత్రి మీ వైపు వానుందో లేదో ఇక్కడ రాస్తారా?

కడెం_ఒడ్డు:
రాస్తాను తమ్ముడూ. శనివారం రాత్రి 9కి ఒకసారి, తెల్లవారుజామున 3.30కి ఒకసారి. రెండోది చూడకుండా బండి తీయకండి.