కెక్స్‌బర్గ్ యూఎఫ్ఓ పండగ అసలు ఎలా మొదలైంది?

శిరీష_పెన్‌హిల్స్
అందరికీ నమస్కారం. జులైలో అమ్మానాన్న వస్తున్నారు, ఇక్కడ పెన్సిల్వేనియాలో ఉన్న పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి ఎలాగూ వెళ్తాం. అక్కడి నుంచి గంట డ్రైవ్‌లో కెక్స్‌బర్గ్ అనే పల్లెలో ఏటా యూఎఫ్ఓ (ఏమిటో తేలని ఎగిరే వస్తువు) ఫెస్టివల్ జరుగుతుందని మా ఆఫీసులో చెప్పారు. మా బాబుకి గ్రహాంతరవాసులంటే పిచ్చి, తీసుకెళ్లమని ఒకటే గొడవ. నాన్నేమో ఫోన్‌లో "ఏం పడిందో తేలనిదానికి పండగేంటమ్మా?" అంటున్నారు. నిజంగా అక్కడ ఏమైనా పడిందా? ఈ పండగ ఎవరు మొదలుపెట్టారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గ్రీన్స్‌బర్గ్_రాజు
శిరీష గారూ, మేం ఆ పక్క టౌన్‌లోనే చాలాకాలంగా ఉంటున్నాం, ఆ పండగ అంటే మా ఇంట్లో అందరికీ ఇష్టం, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

1965 డిసెంబర్ 9 సాయంత్రం, ఐదు కావస్తుండగా, ఆకాశంలో పెద్ద నిప్పుముద్ద ఒకటి దూసుకెళ్లింది. ఒక్క కెక్స్‌బర్గ్‌లోనే కాదు, చాలా రాష్ట్రాల్లో, అటు కెనడాలో కూడా జనం చూశారు. కెక్స్‌బర్గ్ వాళ్లు కొందరు అది మన ఊరి అడవిలోనే పడిందన్నారు. పోలీసులొచ్చారు, మిలిటరీ వాళ్లొచ్చారు, ఊళ్లోని వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ కుర్రాళ్లు అడవిలోకి వెతకడానికి వెళ్లారు. ఏమీ దొరకలేదని అధికారులు తేల్చేశారు. కానీ అక్కడున్నవాళ్లు కొందరు, ఓక్ చెట్టు కాయ ఆకారంలో చిన్న కారంత లోహపు వస్తువు చూశామని, దాన్ని టార్పాలిన్ కప్పి లారీలో తీసుకెళ్లిపోయారని చెబుతూ వచ్చారు.

తర్వాత చాలా ఏళ్లు అది ఊళ్లో మాటగానే ఉండిపోయింది. 1990లో ఒక పెద్ద టీవీ షో వాళ్లు వచ్చి దీని మీద ఎపిసోడ్ తీశారు, దానికోసం ఆ కాయ ఆకారపు వస్తువుకి నమూనా చేయించారు. ఊళ్లో కొంతమందికి అది అస్సలు నచ్చలేదు, మా పొలాల్లో ఏమీ పడలేదు, అనవసరంగా ఊరి పేరు పాడుచేయొద్దని గట్టిగానే అడ్డుపడ్డారు. షూటింగ్ అయ్యాక నమూనా మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది, ఇప్పుడు ఫైర్ స్టేషన్ దగ్గర ఎత్తున నిలబెట్టి ఉంది.

పండగ మొదలైంది ఇంకా తర్వాత, 2000ల మధ్యలో. దాన్ని నడిపేది ఆ ఫైర్ డిపార్ట్‌మెంటే. ఇక్కడ పల్లెల్లో ఫైర్ స్టేషన్ అంటే జీతాల్లేని వాలంటీర్లే, బండి కొనాలన్నా గొట్టాలు మార్చాలన్నా చాలావరకు వాళ్లే డబ్బు పోగుచేసుకోవాలి. బింగో ఆటలు, చేపల వేపుడు విందులు, కార్నివాళ్లు పెట్టేది అందుకే. కెక్స్‌బర్గ్ వాళ్ల దగ్గర మిగతా ఊళ్లకు లేని కథ ఒకటి ఉంది, దాన్నే పండగ చేసుకున్నారు. మన దగ్గర జాతరలో ఊరంతా తలో పని పంచుకున్నట్టే ఉంటుంది: ఒకరు ఊరేగింపు చూసుకుంటారు, ఒకరు మంచాల పరుగుపందెం పెడతారు, ఇంకొకరు హాట్‌డాగ్‌లు తినే పోటీ. మీ నాన్నగారికి ఇదే చెప్పండి, ఆ రాత్రి అడవిలో వెతికిన స్టేషన్ నేటికీ నడవడానికి ఆ పండగ డబ్బు పనికొస్తోంది. నాకైతే అది చాలు.

రాత్రిచుక్క
రాజు అన్నా, బాగా చెప్పావు. బాబు అడుగుతాడు కాబట్టి సైన్స్ వైపు కూడా రాస్తాను. ఆ నిప్పుముద్ద వదిలిన పొగ చారను మిషిగన్‌లో ఇద్దరు వేర్వేరు చోట్ల నుంచి ఫొటో తీశారు. ఆ ఫొటోలతో లెక్కగట్టి 1967లో కెనడా ఖగోళ పత్రికలో వ్యాసం వేశారు: అది ఉల్క, బాగా నిటారుగా దిగి ఈరీ సరస్సు పడమటి చివర దగ్గర అంతమైంది, అంటే పెన్సిల్వేనియా దాకా రాలేదు. చాలా దూరాన ఉన్న ఉల్క ఆ కొండ వెనకే పడినట్టు కనిపించడం మామూలే, అందుకే అన్ని ఊళ్లవాళ్లూ తమ దగ్గరే పడిందనుకున్నారు. నాకు ఈ లెక్కే నమ్మకంగా అనిపిస్తుంది.

శుక్రుడి మీదకు పంపబోయి విఫలమైన సోవియట్ నౌక కాస్మోస్ 96 కూడా సరిగ్గా అదే రోజు భూమి మీద పడింది, కెక్స్‌బర్గ్‌లో పడింది అదేనేమోనని కొందరి అనుమానం, కాకపోతే అమెరికా వైమానిక దళం రికార్డుల ప్రకారం తెల్లవారుజామునే, అదీ కెనడాలో. 2005లో నాసా వాళ్లు కెక్స్‌బర్గ్ వస్తువు శకలాలు పరిశీలించామని, రష్యన్ ఉపగ్రహానివని, కానీ ఆ కాగితాలు పోయాయని అన్నారు. అంతకుముందే లెస్లీ కీన్ అనే జర్నలిస్టు రికార్డులు ఇమ్మని కోర్టుకెళ్లారు, 2007లో నాసా మళ్లీ వెతకడానికి ఒప్పుకుంది, అయినా తేల్చిచెప్పే కాగితం ఒక్కటీ బయటికి రాలేదు. అనుమానం ఇంకా బతికుందంటే ఆ పోయిన కాగితాల వల్లే. జనాన్ని తప్పుపట్టలేం.

శిరీష_పెన్‌హిల్స్
ఇద్దరికీ చాలా థాంక్సండీ. నాన్నకి చదివి వినిపించాను, ఫైర్ స్టేషన్ కోసమైతే తప్పకుండా వెళ్దాం అన్నారు. పెద్దవాళ్లకి ఎండలో ఇబ్బంది అవుతుందా? నమూనా ఆ రోజే చూడాలా?

గ్రీన్స్‌బర్గ్_రాజు
నమూనా ఆరుబయటే, రోడ్డు పక్కనే ఉంటుంది, ఏ రోజైనా చూడొచ్చు. అడుగున చుట్టూ పట్టీ, దాని మీద ఈజిప్టు బొమ్మల రాతల్లాంటి గుర్తులు ఉంటాయి, బాబుకి దగ్గర నుంచి చూపించండి. పండగ రోజైతే మడత కుర్చీలు, గొడుగు పట్టుకెళ్లండి. తినడానికి ఎక్కువగా హాట్‌డాగ్‌ల లాంటివే కాబట్టి, పెద్దవాళ్లు శాకాహారులైతే గుడి క్యాంటీన్‌లో పులిహోర పార్సిల్ చేయించుకోండి.