ఎకరం, ఎకరన్నరలో సేంద్రియ సాగు: పండించింది సొంత ఊళ్ళోనే అమ్ముకుంటున్నవాళ్ళు అనుభవాలు చెప్పండి

మాగాణి_గట్టు:
నమస్కారం అండీ. మాది తెనాలి పక్కన పల్లెటూరు. ఎకరన్నర సొంత పొలం, ఒక ఆవు, పనిలోకి దిగేది నేను, మా ఆవిడ, మా నాన్న. మందుల్లేకుండా ఆకుకూరలు, కూరగాయలు, ఓ పక్క కాస్త వరి వేస్తున్నాం. పండించడం వరకు ధైర్యం వచ్చింది, అమ్మకమే టెన్షన్. హైదరాబాద్ షాపువాళ్ళు తీసుకుంటామంటున్నారు గానీ ఏరిన సరుకే కావాలట, డబ్బులు నెల తర్వాతట. మన వీధిలోవాళ్ళు మందు కొట్టిన వంకాయ తింటుంటే మన వంకాయ బస్సెక్కి పోవడమేంటి అంటుంది మా ఆవిడ. నాకూ అదే సబబనిపిస్తోంది. దగ్గర్లోనే అమ్మి నిలబడ్డవాళ్ళు ధర ఎలా పెడుతున్నారు, సర్టిఫికెట్ లేకపోతే ఇబ్బంది అవుతుందా, చెప్పండి.

మన్యం_పాదు:
ముందు వారం వారం బుట్ట ఖాళీ లేకుండా చూసుకోండి, ధర సంగతి తర్వాత. మాది పార్వతీపురం వైపు. ప్రకృతి సాగు నేర్పే ప్రభుత్వ సంస్థ, రైతు సాధికార సంస్థ వాళ్ళు చెప్పే ఏటీఎం (ఎనీ టైమ్ మనీ, అంటే ఎప్పుడూ ఏదో ఒక మడి కోతకొచ్చి డబ్బు చేతికందే) పద్ధతిలో 20 సెంట్లు వేశాం. ఎత్తు మడులు చేసి, విత్తనం అంతా ఒకేసారి చల్లకుండా ఒక మడి కోతకొచ్చేసరికి ఇంకో మడి మొలకలో ఉండేట్టు తిప్పుతూ ఉండాలి. తోటకూర నెలలోపే వచ్చేస్తుంది, ఎండాకాలం పాలకూర మొరాయిస్తుంది, అప్పుడు గోంగూర, బచ్చలి, పొన్నగంటి ఆదుకుంటాయి. ఒక వారం మనం వెళ్ళకపోతే కొనేవాళ్ళు మళ్ళీ మార్కెట్ అలవాటుకి వెళ్ళిపోతారు, వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం. ఆవు ఒక్కటే అని బెంగ వద్దు. పొలానికి ఎరువులా పోసే జీవామృతం ఎకరానికి ఒక విడతకి 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. మీ ఎకరన్నరకు ఒక ఆవు చాలు.

గోదారి_వంటిల్లు:
కొనేవాళ్ళ వైపు నుంచి నేను చెప్తానండీ. రాజమండ్రిలో ఉంటాం, కడియం దగ్గర ఒక కుటుంబం నుంచి కూరలు తీసుకుంటున్నాం. పురుగు తొలిచిన వంకాయ వచ్చినా నాకు బాధ లేదు, ఆ ముక్క కోసి పడేస్తా. రేపు ఏం వస్తుందో ముందురోజు సాయంత్రమే ఫోన్లో చెప్తే చాలు, దాన్నిబట్టి వంట చూసుకుంటాం. ఇంకో మాట, ఆ కుటుంబం మమ్మల్ని పిల్లలతో సహా తోటకి రమ్మంటుంది, ఏ మడిలో ఏ కషాయం కొట్టారో దాపరికం లేకుండా చెప్తుంది. ఆకుకి పురుగు పట్టి రెండు వారాలు గోంగూర ఇవ్వలేం అన్నప్పుడు నాకు నమ్మకం పెరిగింది. వేరేచోట కొని తెచ్చి తమదని ఇవ్వలేదు కదా. మీరూ ఎప్పటికీ ఆ పని చేయకండి, ఒక్కసారి తెలిస్తే వీధి వీధంతా మానేస్తుంది.

జొన్నకంకి:
అన్నా, ఊరి పంట ఊరికే అనే పని మా జహీరాబాద్ దిక్కు ఎప్పుడో చేసి చూపించారు. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల అక్కలు 1990లలో పడావు భూములు సాగులోకి తెచ్చి జొన్న వేయించారు. సాయం తీసుకున్న రైతు బాకీని డబ్బుల్లో కాదు, జొన్నల్లోనే కొన్నేళ్ళపాటు కట్టాలి. ఆ గింజలు ఊళ్ళోనే నిల్వ చేసి, లేనివాళ్ళు ఎవరో ఊరే తేల్చుకుని, వాళ్ళకు తక్కువ ధరకు ఇచ్చేవారు. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. వాళ్ళలో చాలామంది చిన్న కమతాల దళిత ఆడవాళ్ళు. సేంద్రియం అనగానే కార్లో వచ్చి కొనుక్కునేవాళ్ళ కోసమే అన్నట్టు మాట్లాడుతుంటే నాకు మనసు కష్టమైతది. మీ ఊళ్ళో కూలికి పోయే ఇంటావిడ కూడా మీ కట్ట కొనగలిగేట్టు ధర పెట్టండి.

ఉలవచారు:
జొన్నకంకి గారి మాట మంచిదే గానీ రైతు కూడా బతకాలి. తక్కువకే ఇవ్వాలంటే మన ఇంటివాళ్ళ కూలి లెక్కలోంచి ఎగిరిపోతుంది. మేము మదనపల్లె పక్కన. ఏడాదంతా ఒకటే ధర అని వాడుక ఇళ్ళవాళ్ళతో మాట్లాడుకున్నాం, టమాటా కిలో 40. 2023 జూలైలో మార్కెట్లో వంద దాటిపోయినా మేము 40కే ఇచ్చాం, చుట్టాలు పిచ్చోళ్ళన్నారు. రేటు పడిపోయి రైతులు టమాటాలు రోడ్డు పక్కన పారబోసిన రోజుల్లో అవే ఇళ్ళవాళ్ళు మారుమాట లేకుండా మాకు 40 ఇచ్చారు. ఆకుకూర కట్ట మాత్రం అందరికీ బజారు ధరకే ఇస్తాం, దాని ఖర్చు తక్కువ.

మాగాణి_గట్టు:
అందరికీ ధన్యవాదాలు. ఏడాదంతా ఒకే ధర అనేది మా ఇంట్లో అందరికీ నచ్చింది. ఇంకో బాధ ఉంది. పక్క చేలో మందు కొడితే గాలికి మా వైపు వస్తుంది, పైగా మాది డెల్టా, నీళ్ళు మడి నుంచి మడికి పారుతూ వాళ్ళ పొలం మీదుగానే మాకు రావాలి. ఇది కొనేవాళ్ళకి చెప్పాలా వద్దా?

కషాయం_కుండ:
చెప్పండి. గాలికి అడ్డంగా గట్టు వెంబడి జొన్నో మొక్కజొన్నో నాలుగైదు సాళ్ళు ఒత్తుగా వేయండి. నీళ్ళు లోపలికొచ్చే చోట చిన్న గుంట తీసి మెట్టతామర లాంటివి పెంచితే కొంత నయం, పూర్తిగా పోతుందని మాత్రం అనుకోకండి. అందుకే ఆ పక్క మడిలో పశుగ్రాసం వేసుకుని, తినే పంట లోపలి వైపు పెట్టండి. జనగామ జిల్లా ఏనెబావిలో ఊరు ఊరంతా మందులు మానేసింది కాబట్టి వాళ్ళకి ఈ గొడవ లేదు, మనలా ఒక్కళ్ళమే చేసేవాళ్ళకి తప్పదు.

సర్టిఫికెట్ సంగతి: 2017 నాటి ఆహార భద్రత నియమాల ప్రకారం ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలుండి, తినేవాళ్ళకే నేరుగా అమ్మే చిన్న రైతుకు సేంద్రియ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. కాకపోతే సేంద్రియ సరుకుకి వేసే ప్రభుత్వ ముద్ర, జైవిక్ భారత్, వేసుకోకూడదు. ముందుముందు కావాలంటే పీజీఎస్ అనే, రైతులే ఒకరికొకరు హామీ ఇచ్చుకునే సర్టిఫికెట్ పద్ధతి ఉంది, కనీసం అయిదుగురు రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకోవాలి. పక్క చేను ఆయన్ని అందులోకి లాగగలిగితే మీ రెండు సమస్యలూ ఒకేసారి తగ్గుతాయి.

మన్యం_పాదు:
వరి గురించి ఎవరూ చెప్పలేదు. ముడి బియ్యం ఒకేసారి ఆడించి పెట్టకండి, పురుగు త్వరగా పడుతుంది, వాసనా వస్తుంది. వడ్లుగానే దాచి, ఏ నెలకి ఎంత అడిగారో అంతే ఆడించండి.

మాగాణి_గట్టు:
అక్కడే ఆగిపోయామండీ. మూడు నాలుగు బస్తాలకి మిల్లు తిప్పమంటే పెద్ద మిల్లులవాళ్ళు ఒప్పుకోవడం లేదు, ఒప్పుకున్నా వేరేవాళ్ళ గింజ కలిసిపోతోంది. తెనాలి, వేమూరు, కొల్లూరు వైపు ముడి బియ్యం ఆడించే చిన్న మిషన్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడే రాయండి, నేనే వడ్లు తీసుకొస్తా.