లాంప్రే మొప్పల్లోని రిసెప్టర్ గురించి తెలిసినవారు చెప్పగలరా?

నమస్కారమండీ. గుంటూరులో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. దవడలు లేని చేపల మొప్పల మీద సెమినార్ ఇవ్వాలి. అలాంటి చేపే అయిన లాంప్రే మన కృష్ణలో దొరికే రకం కాదు కాబట్టి ఉన్న ఆధారమంతా పేపర్లే.

మనుషుల్లో కార్టిసాల్‌కు (ఒత్తిడి హార్మోన్), ఆల్డోస్టిరాన్‌కు (ఒంట్లో ఉప్పును సర్దే హార్మోన్) వేర్వేరు రిసెప్టర్లు, అంటే హార్మోన్‌ను పట్టుకుని కణాన్ని స్పందింపజేసే ప్రోటీన్లు. లాంప్రేకు రెండింటి బదులు ఒకటే కార్టికాయిడ్ రిసెప్టర్ (ఈ రకం హార్మోన్లకు స్పందించేది), ఆల్డోస్టిరాన్ అసలు లేదు. దాని హార్మోన్ 11-డీఆక్సీకార్టిసాల్ అనీ, అది మొప్పల్లో సోడియం-పొటాషియం పంపు (కణంలోంచి సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి పంపే ప్రోటీన్) పనిని పెంచుతుందనీ 2010లో చూపించారు. ఇంతవరకూ బాగానే ఉంది.

చిక్కల్లా ఇక్కడే. ఆ రిసెప్టర్ జీన్‌ను వేరే కణాల్లో పెడితే ఆల్డోస్టిరాన్‌కూ, 11-డీఆక్సీకార్టికోస్టిరాన్ అనే మరో హార్మోన్‌కూ కూడా బాగా స్పందిస్తుంది. మొప్పల నుంచి తీసిన ప్రోటీన్ మాత్రం 11-డీఆక్సీకార్టిసాల్‌నే గట్టిగా పట్టుకుంటుందట. రెండూ ఒకటే రిసెప్టరంటారా? లేక మన కిడ్నీలో కార్టిసాల్‌ను ఆల్డోస్టిరాన్ రిసెప్టర్‌కు అందకుండా అడ్డుకునే ఎంజైమ్ లాంటిది మొప్పల్లోనూ ఏదైనా ఉందా?

ఇంకోటి, దవడలు లేని మరో చేప హాగ్‌ఫిష్ రక్తంలో ఉప్పు దాదాపు సముద్రపు నీటిలో ఉన్నంతే ఉంటుంది. మరి ఉప్పును సర్దే పని పెద్దగా లేనప్పుడు దానికీ కార్టికాయిడ్ రిసెప్టర్ ఎందుకు? మా సార్ కచ్చితంగా ఇదే అడుగుతారు, ఆయన అలవాటే అంత. టెన్షన్‌గా ఉంది. ఎండోక్రైనాలజీ (హార్మోన్ల శాస్త్రం) చదివినవారు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.